అలెక్సంద్రియ ఉపాధ్యాయిని హైపేషియా

గత సంవత్సరము ఒకనాడు తరగతిలో సూర్యచంద్ర గ్రహణములనుగూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుకవరుసలో కూర్చున్న ఒక బాలిక లేచి, పూర్వకాలమున నక్షత్రములను పరిశీలించి గ్రహణములను గుణించిన పెద్దలలో స్త్రీ యొకతెయైనను ఉండెనా యని నన్నడిగెను. ఉండెనని చెప్పి, హైపేషియా అను పేరును నల్లబల్లపై వ్రాసి, ఆమె ఆఫ్రికా ఖండమందలి అలెక్సంద్రియ నగరమున గణితమును ఖగోళశాస్త్రమును బోధించిన మహావిదుషి యని నాలుగు మాటలలో ముగించితిని. తరువాత ఆమెకు ఏమి జరిగెనని ఆ బాలిక మరల అడిగెను. అంతలో గంట మ్రోగుటచేత జవాబు చెప్పక తప్పించుకొంటిని. నిజము చెప్పవలెనన్న, గంట మ్రోగకున్నను నేనానాడు చెప్పియుందునో లేదో నాకే తెలియదు. ఏలయన ఆమె మరణకథ క్రైస్తవుడైన ఉపాధ్యాయునికి తలవంపులు తెచ్చు కథ. ఆ దినమున విడిచిపెట్టిన జవాబును ఈ సంచికయందు ఆ బాలికకును, ఆమె తోడి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును పూర్తిగా చెప్పుకొనుచున్నాను.

జన్మస్థానము

ఆఫ్రికా ఖండపు ఉత్తరపుటంచున, నైలునది మధ్యధరా సముద్రమున కలియు ప్రదేశమునకు సమీపమున అలెక్సంద్రియ నగరము కలదు. క్రీ.పూ. 331వ సంవత్సరమున అలెగ్జాండరు చక్రవర్తి దీనిని స్థాపించెను. అతని యనంతరము ఐగుప్తు దేశమునేలిన టాలెమీ వంశపు రాజులు ఇచ్చట గొప్ప విద్యాపీఠమును, పుస్తకభాండాగారమును నెలకొల్పి, నానాదేశముల పండితులను రప్పించి పోషించిరి. మన విద్యార్థులు క్షేత్రగణితమున నేర్చుకొను సిద్ధాంతములను క్రమపరచిన యూక్లిడు ఈ నగరముననే బోధించెను. నీడల కొలతనుబట్టి భూమి చుట్టుకొలతను లెక్కించిన ఎరటోస్తనీసు ఇచ్చటి పుస్తకభాండాగారమునకు అధికారిగా నుండెను. క్రీ.శ. 2వ శతాబ్దమున ఖగోళశాస్త్రజ్ఞుడైన టాలెమీ ఇచ్చటనే నివసించెను. రాజవంశపు పేరే గాని ఇతడు రాజు కాడు. ఇతని భూగోళ గ్రంథమున మైసోలియ అను పేర వర్ణింపబడిన తీరదేశము మన కృష్ణానదీ ముఖమునందలి మచిలీపట్టణ ప్రాంతమని పండితులు చెప్పుదురు. ఆ దూరనగరపు గ్రంథములలోనికి మన తెలుగుతీరపు పేరు పదునెనిమిది వందల యేండ్లకు పూర్వమే ఎక్కినదన్నమాట.

బైబిలు చదువువారికి అలెక్సంద్రియ క్రొత్తది కాదు. పాతనిబంధన గ్రంథములు గ్రీకుభాషలోనికి మార్చబడుట ఇచ్చటనే ప్రారంభమాయెను. అపొస్తలుల కార్యములలో కనబడు అపొల్లో అను విద్వాంసుడు అలెక్సంద్రియవాడు. అంతటి విద్వాంసునికి తెలియని సంగతులను చేరదీసి విశదపరచిన ఇద్దరిలో ప్రిస్కిల్ల అను స్త్రీ యొకతె. స్త్రీ పురుషునికి విద్య చెప్పుట వింతగా తోచువారు ఆ యధ్యాయమును మరల చదువవచ్చును.

తండ్రియు తనయయు

క్రీ.శ. 4వ శతాబ్దపు రెండవ సగమున ఈ నగరమున థియోను అను గణితోపాధ్యాయుడుండెను. క్రీ.శ. 364వ సంవత్సరమున జూను 16వ తేదీని కలిగిన సూర్యగ్రహణమును, నవంబరు 25వ తేదీని కలిగిన చంద్రగ్రహణమును ఆయన అలెక్సంద్రియలో స్వయముగా చూచి, తాను ముందు గుణించిన వేళలతో సరిపోల్చి వ్రాసియుంచెను. హైపేషియా ఆయన కుమార్తె.

ఆ కాలమున అచ్చుయంత్రములు లేవు. ప్రతి గ్రంథమును చేతితో వ్రాసికొనవలసినదే. వ్రాయసగాడు నిదురమత్తులో ఒక్క అంకెను తప్పుగా వ్రాసినచో, దానిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలోను ఆ తప్పు ప్రవేశించును. ఆ తప్పు అంకెతో గుణించినవాడు చెప్పిన వేళకు గ్రహణము రాదు. కావున పూర్వుల గ్రంథములను సరిచూచి, తప్పులు దిద్ది, కఠినమైన చోట్ల వివరణము వ్రాసి, శిష్యుల చేతికిచ్చుటయే థియోను తన జీవితకార్యముగా పెట్టుకొనెను. యూక్లిడు క్షేత్రగణితమును ఆయన ఇట్లు సరిచూచి వెలువరించెను. దానికంటె పూర్వపు పాఠముగల ప్రతి యొకటి 19వ శతాబ్దారంభమున గుర్తింపబడువరకు, ప్రపంచమున గ్రీకు యూక్లిడును చదివినవారందరును చదివినది థియోను దిద్దిన యూక్లిడునే.

టాలెమీ వ్రాసిన ఖగోళ మహాగ్రంథమునకు తరువాతివారు ఆల్మజెస్టు అని పేరిడిరి. అందు 13 భాగములు కలవు. థియోను దానికి వ్యాఖ్యానము వ్రాసెను. సూర్యుని గతిని, సంవత్సర పరిమాణమును తెలుపు మూడవ భాగపు శీర్షికయందు, ఈ భాగమును తత్త్వవేత్తయైన తన కుమార్తె హైపేషియా సరిచూచినదని ఆయన స్పష్టముగా తెలిపెను. పూర్వకాలపు తండ్రులును కుమార్తెలను ప్రేమించినవారే. కాని పండితుల చేతులకు పోవు గ్రంథమున కుమార్తె పేరును వ్రాసి, ఆమె పాండిత్యమును లోకమునకు చాటిన తండ్రులు అరుదు. ఆమె చేసిన పనికి ఆమె కాలమువాని చేతివ్రాతగా మిగిలిన సాక్ష్యములలో ఆ శీర్షిక ముఖ్యమైనది.

ఆల్మజెస్టు భూమి కదలదనియు, సూర్యుడే దానిచుట్టు తిరుగుచున్నాడనియు చెప్పును. అది పొరపాటని నేడు మన చిన్నపిల్లలకును తెలియును. ఐనను అందలి లెక్కలు ఎంత శ్రద్ధతో కూర్చబడినవనగా, 1543లో కోపర్నికసు గ్రంథము వెలువడువరకు, సుమారు పదునాలుగు వందల యేండ్లు, అనేక దేశముల పండితులు వాని యాధారముననే గ్రహములను గుణించుచుండిరి. కోపర్నికసు కూడ ఆ గ్రంథమును చదివి నేర్చుకొనియే దానిని దిద్దగలిగెను. పూర్వుల విద్యను కాపాడి అందించినవారు లేనిచో, దానిని మించి పోగలవారును పుట్టరు.

బోధనము

తండ్రియొద్ద నేర్చిన విద్యతో హైపేషియా తృప్తిపడలేదు. గణితమునకు తోడు తత్త్వశాస్త్రమును అభ్యసించి, ఆ విద్యలో తన కాలపు పండితులను మించెనని ప్రసిద్ధి చెందెను. ఆమె మూడు గ్రంథములకు వ్యాఖ్యలు రచించినట్లు పూర్వుల పట్టికలవలన తెలియుచున్నది. మొదటిది డయోఫాంటసు రచించిన అంకగణితము. తెలియని సంఖ్యకు ఒక గుర్తునుంచి, సమీకరణమువలన దానిని కనుగొను రీతి అందున్నది. బీజగణితము కష్టమని మొరపెట్టుకొను మన బాలురు, ఈ కష్టము పదునారు వందల యేండ్లనాటి అలెక్సంద్రియ బాలురకును ఉండెనని తెలిసికొని ఊరట చెందవచ్చును. రెండవది అపొలోనియసు రచించిన శంకుచ్ఛేదముల గ్రంథము. మూడవది గ్రహముల గతులను గుణించుటకు టాలెమీ కూర్చిన పట్టికల గ్రంథము.

శంకుచ్ఛేదములనగా నేమో చూపుట సులభము. ఒక ముల్లంగిని శంకువువలె చెక్కి, కత్తితో అడ్డముగా సమముగా కోసినచో కోసిన ముఖము వృత్తమగును. కొంచెము ఏటవాలుగా కోసినచో సాగిన వృత్తము, అనగా దీర్ఘవృత్తము వచ్చును. ఇంకను వాలుగా, శంకువు ప్రక్కగీతకు సమాంతరముగా కోసినచో పరావలయము వచ్చును. హైపేషియా కాలమున ఈ వక్రరేఖలు కేవలము బుద్ధికి పదునుపెట్టు విద్య. ఆమె మరణించిన సుమారు పన్నెండు వందల యేండ్లకు, 1609లో, కుజగ్రహము సూర్యునిచుట్టు పోవు మార్గము దీర్ఘవృత్తమేయని కెప్లరు ప్రకటించెను. ఏ విద్య ఎప్పుడు ఎవరికి పనికివచ్చునో బోధించు ఉపాధ్యాయునికి తెలియదు. తెలియకయే శ్రద్ధతో బోధించుట ఉపాధ్యాయుని ధర్మము.

ఆమె మూడు వ్యాఖ్యలలో ఏదియు ఆమె పేరుతో నేడు మిగిలియుండలేదు. ఆమె కీర్తి నిలిచినది గ్రంథములవలన కాదు, బోధనమువలన. కోరి వచ్చినవారికందరికిని ఆమె విద్యను వివరించుచుండెననియు, దూరదేశములనుండి శిష్యులు ఆమెను వెదకికొని వచ్చుచుండిరనియు ఆ కాలపు చరిత్రకారుడు వ్రాసెను. తత్త్వవేత్తలు ధరించు సాదా ఉత్తరీయమును కప్పుకొని ఆమె నగరమధ్యమున సంచరించుచు, ప్లేటో, అరిస్టాటిలు మొదలగువారి గ్రంథములను అడిగినవారికి బోధించుచుండెను. ఆమె వివాహమాడలేదు. నగరాధికారులు ఆమె ఇంటికి వచ్చి ఆలోచన అడుగుచుండిరి. పురుషుల సభలో నిలిచి మాటలాడుటకు ఆమె సంకోచింపలేదు. ఆమె వినయమును, నిగ్రహమును చూచి ఎవ్వరును ఆమెను తక్కువగా చూడలేదు.

ఆమె క్రైస్తవురాలు కాదు. సమస్తమునకు మూలమైన ఏకతత్త్వమొకటి కలదనియు, మనుష్యుని మనస్సు కంటికి కనబడు వానినుండి మెల్లమెల్లగా దానియొద్దకు ఎక్కవలెననియు బోధించు ప్లేటో సంప్రదాయము ఆమెది. గణితమును, నక్షత్రవిద్యను ఆమె ఆ మెట్లలో మొదటివిగా ఎంచెను. కాని ఆమె తరగతిలో క్రైస్తవులును, పూర్వదేవతలను కొలుచువారును ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. మన పాఠశాల బల్లలపై వేర్వేరు మతముల బిడ్డలు కూర్చున్నట్లే యని చదువరులు ఊహించుకొనవచ్చును.

శిష్యుని లేఖలు

ఆమె శిష్యులలో సినేసియసు అనువాడు ముఖ్యుడు. ఇతడు అలెక్సంద్రియకు పడమటనున్న కురేనే పట్టణమువాడు. ప్రభువు సిలువను మోసిన సీమోను ఊరు ఇదియే. సినేసియసు యౌవనమున హైపేషియాయొద్ద చదివి, తరువాత తన దేశపు కష్టములను చక్రవర్తికి విన్నవించుటకు రాయబారిగా కాన్‌స్టాంటినోపిలునకు పోయి, సుమారు క్రీ.శ. 410లో టొలెమాయిసు పట్టణమునకు బిషప్పాయెను. బిషప్పులలో ఒకడు తన విద్యకు మూలము క్రైస్తవేతరురాలగు స్త్రీ యని దాచలేదు. అతడు హైపేషియాకు వ్రాసిన లేఖలు ఏడు నేటికిని నిలిచియున్నవి. ఆమెనుగూర్చి మనకు తెలిసినదానిలో చాలభాగము ఈ కృతజ్ఞుడైన శిష్యునివలననే తెలిసినది.

కాన్‌స్టాంటినోపిలులోనుండగా ఇతడు పేయోనియసు అను గొప్ప అధికారికి వెండితో చేసిన అస్త్రలాబు అను యంత్రమును బహుమానముగా ఇచ్చెను. గుండ్రని ఆకాశమును ఒక బల్లపరుపు పలకమీద పరచినట్లు నక్షత్రముల స్థానములు దానిమీద గుర్తింపబడియుండును. సూర్యుని యెత్తునుగాని నక్షత్రపు టెత్తునుగాని కొలిచి, పలకను త్రిప్పి, రాత్రియైనను పగలైనను వేళను కనుగొనవచ్చును. మన దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున దీనినే యంత్రరాజమని పిలిచిరి. 1370లో మహేంద్రసూరి ఆ పేరుతోనే సంస్కృతగ్రంథమును రచించెను. ఈ యంత్రమును రూపొందించుటలో తన పూజ్యురాలగు గురువు తోడ్పడెనని సినేసియసు వ్రాసెను. అస్త్రలాబును హైపేషియాయే కనిపెట్టెనని కొందరు చెప్పుదురు. అది సరికాదు. దాని సూత్రము అంతకు పూర్వమే తెలిసినది. ఆమె తండ్రియే దానిపై గ్రంథము వ్రాసెను. ఆ విద్యను చేతిపనితోసహా శిష్యునికి నేర్పినది మాత్రము ఆమె.

మరియొక లేఖలో సినేసియసు ద్రవముల బరువును తెలుపు సాధనమొకటి చేయించి పంపుమని ఆమెను వేడుకొనెను. పిల్లనగ్రోవివంటి గొట్టము, దానిమీద గాట్లు, అడుగున బరువు. నీటిలో నిలువుగా నిలిచి ఎంత లోతు మునిగినదో గాట్లవలన తెలియును. పాలలో నీళ్లు కలిసినవో లేవో చూచుటకు నేడు వాడు లాక్టోమీటరు ఈ జాతిదే. ఇంకొక లేఖతో తాను రచించిన గ్రంథములను పంపి, ఇవి వెలువరింపదగినవో కావో నీవే తీర్పు చెప్పుమని కోరెను. మరియొకమారు ఆస్తి పోగొట్టుకొన్న ఇద్దరు యువకులకు న్యాయము జరుగునట్లు అధికారులతో చెప్పుమని ప్రార్థించెను. ఏథెన్సు నగరమును చూచి వచ్చి, ఆ నగరమున ఇప్పుడు తేనె అమ్మువారి పేరే గాని పండితుల పేరు వినబడదనియు, విద్యాఫలమును పండించుచున్నది హైపేషియా ఉన్న ఐగుప్తేయనియు తన సోదరునికి వ్రాసెను.

కడపటి లేఖలు దుఃఖముతో నిండినవి. ముగ్గురు కుమారులును మరణించిరి. దేశమును శత్రువులు దోచుకొనుచుండిరి. తానును మంచము పట్టెను. అట్టి స్థితిలో ఆ బిషప్పు పడకమీదనుండి లేఖను చెప్పి వ్రాయించి, తల్లియు సోదరియు గురువును ఉపకారియునైన ఆమెను తలంచుకొని ఊరడిల్లెను. క్రీ.శ. 413 తరువాత అతని లేఖలు కనబడవు. తన గురువునకు జరిగినదానిని వినకుండ అతడు కన్నుమూసినట్లు తోచుచున్నది.

నగరమున కలహము

అలెక్సంద్రియలో క్రైస్తవులు, యూదులు, పూర్వదేవతలను కొలుచువారు వేలసంఖ్యలో కలిసి నివసించుచుండిరి. ఒకప్పుడు క్రైస్తవులు రోమా చక్రవర్తులచేత హింసింపబడిన నగరమిది. నాలుగవ శతాబ్దమున చక్రవర్తులే క్రైస్తవులైన పిమ్మట అధికారము చేతులు మారెను. క్రీ.శ. 391 ప్రాంతమున బిషప్పు థియోఫిలసు కాలమున సెరాపియ దేవాలయము కూల్చబడెను. హింసను అనుభవించినవారి వారసులు హింసించుటకు నేర్చుకొనిరి. మనుష్యస్వభావమున ఇంతకంటె దుఃఖకరమైన సంగతి లేదు.

క్రీ.శ. 412లో థియోఫిలసు మరణింపగా, అతని మేనల్లుడు సిరిలు బిషప్పాయెను. ఐగుప్తు దేశపు అధిపతి ఒరెస్టెసు. ఇతడును బాప్తిస్మము పొందిన క్రైస్తవుడే. నగరపాలనలో బిషప్పు జోక్యము చేసికొనుట ఇతనికి నచ్చలేదు. యూదులకును క్రైస్తవులకును మధ్య రక్తపాతము జరిగినప్పుడు సిరిలు జనసమూహముతో వెళ్లి యూదులను నగరమునుండి వెడలగొట్టించెను. ఒరెస్టెసు దీనినిగూర్చి చక్రవర్తికి ఫిర్యాదు వ్రాసెను. తరువాత నిట్రియ కొండలనుండి సుమారు 500 మంది సన్యాసులు నగరమునకు దిగివచ్చి, త్రోవలో అధిపతి రథమును చుట్టుకొనిరి. అమ్మోనియసు అను సన్యాసి విసరిన రాయి తగిలి ఒరెస్టెసు ముఖము రక్తమయమాయెను. నగరజనులే పరుగెత్తివచ్చి అతనిని రక్షించిరి. అమ్మోనియసు పట్టుబడి చిత్రహింసలచేత మరణించెను. సిరిలు అతనిని హతసాక్షిగా గౌరవింపబూనెను. కాని వివేకులైన క్రైస్తవులు దానిని ఒప్పుకొనలేదు.

ఒరెస్టెసు హైపేషియా ఆలోచనలను గౌరవించి తరచు ఆమెతో మాటలాడుచుండెను. అధిపతికిని బిషప్పునకును సమాధానము కుదరకుండుటకు ఈమెయే కారణమని ఒక వదంతి పుట్టెను. దానికి సాక్ష్యము లేదు. వదంతికి సాక్ష్యముతో పనిలేదు.

మరణము

క్రీ.శ. 415వ సంవత్సరము మార్చినెల. పునరుత్థాన పండుగకు ముందు వచ్చు ఉపవాసదినములు. సంఘమున లేఖనములు చదువు పేతురు అనువాడు నాయకుడై, ఒక గుంపు త్రోవలో పొంచియుండెను. హైపేషియా రథముమీద ఇంటికి పోవుచుండగా ఆ గుంపు ఆమెను క్రిందికి లాగి, కైసరియోను అను దేవాలయమునకు ఈడ్చుకొనిపోయి, వస్త్రములు తీసి, పెంకులతో చంపెను. పిమ్మట ఆమె దేహమును అగ్నిలో కాల్చివేసిరి. ఆ కైసరియోను పూర్వదేవతల గుడి కాదు. అది అప్పటికే క్రైస్తవదేవాలయము. పిల్లలు చదువు సంచికయందు ఇంతకంటె వివరముగా వ్రాయుట తగదు. ఇంతకంటె తక్కువగా వ్రాయుట నిజము కాదు.

హంతకులు శిక్షింపబడినట్లు చరిత్రలో కనబడదు. మరుసటి సంవత్సరము, అనగా 416లో, బిషప్పు చేతిక్రింద రోగులకు పరిచర్య చేయు సేవకులు నగరమున భయము పుట్టించుచున్నారని, వారి సంఖ్య 500 మించరాదనియు వారు బహిరంగసభలలో చేరరాదనియు చక్రవర్తి శాసించెను. ఒరెస్టెసు పేరు ఆ తరువాత చరిత్రలో వినబడదు. సిరిలు 444వ సంవత్సరమువరకు బిషప్పుగానుండి, 431లో జరిగిన ఎఫెసు మహాసభలో ప్రముఖుడై, అనేక సంఘములచేత పరిశుద్ధుడని గౌరవింపబడుచున్నాడు. అతడే ఈ హత్యకు ఆజ్ఞ ఇచ్చెననుటకు ఆ కాలపు చరిత్రకారుని వ్రాతలో ఆధారము లేదు. నూరేండ్ల తరువాత వ్రాసిన దమాస్కియసు అను క్రైస్తవేతర తత్త్వవేత్త మాత్రము నేరమును అతనిపైననే మోపెను. ఆజ్ఞ ఇచ్చినను ఈయకున్నను, తన మందలో పెరిగిన ద్వేషమును అణపలేకపోయిన కాపరి నిర్దోషియని చెప్పుట కష్టము.

ఇద్దరు క్రైస్తవుల కలములు

ఈ సంగతిని వ్రాసిన క్రైస్తవులు ఇద్దరిని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెనని నా కోరిక. ఒకడు సోక్రటీసు. ఏథెన్సునందలి పూర్వపు తత్త్వవేత్త కాదు. కాన్‌స్టాంటినోపిలున 439 ప్రాంతమున సంఘచరిత్రను రచించిన క్రైస్తవుడు. ఇతడు తన సంఘమువారి దోషమును కప్పిపుచ్చలేదు. హైపేషియా విద్యను, శీలమును నిండుగా ప్రశంసించి, ఈ హత్య సిరిలునకును అలెక్సంద్రియ సంఘమునకును గొప్ప అపకీర్తి తెచ్చెననియు, హత్యలును కలహములును క్రీస్తు మార్గమునకు పూర్తిగా విరుద్ధములనియు వ్రాసెను.

రెండవవాడు నికియు పట్టణపు బిషప్పు యోహాను. ఏడవ శతాబ్దమున ఐగుప్తులో నివసించినవాడు. ఇతడు హైపేషియాను మంత్రగత్తెయని పిలిచి, ఆమె అస్త్రలాబులతోను వాద్యములతోను జనులను మోసగించెనని నిందించి, ఆమె చావును శుభకార్యమువలె వర్ణించెను. నక్షత్రముల యెత్తును కొలుచు యంత్రము, సినేసియసు బిషప్పు గురుప్రసాదముగా కన్నులకద్దుకొన్న యంత్రము, ఈ బిషప్పు కంటికి క్షుద్రవిద్యయాయెను. తనకు అర్థముకానిదానిని దయ్యపుపనియనుట అజ్ఞానమునకు అలవాటు. అట్టి అజ్ఞానము అన్ని మతములలోను, అన్ని దేశములలోను కలదు.

ఒకే విశ్వాసము, ఒకే వేదము. ఐనను ఒకని కలము సత్యమును పలికెను, మరియొకని కలము ద్వేషమును పలికెను. సోక్రటీసు నిజము వ్రాయుటవలన క్రీస్తు నామమునకు కీడు కలుగలేదు. శత్రువులనుగూడ ప్రేమింపుమని బోధించిన ప్రభువు పేరిట ఒక ఉపాధ్యాయినిని చంపుటవలన కలిగెను. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును చూచియే బేత్లెహేమునకు దారి కనుగొనిరని మన సువార్తయే చెప్పుచుండగా, నక్షత్రవిద్యకు క్రైస్తవుడు ఎందుకు భయపడవలెను?

కల్పితకథలు

ఆమెనుగూర్చి కొన్ని కల్పితకథలును వ్యాపించినవి. 1853లో చార్లెసు కింగ్‌స్లీ అను ఇంగ్లండు సంఘపు గురువు ఆమె పేరిట నవల వ్రాసెను. దానివలన ఆమె పేరు లోకమంతట తెలిసెను; కాని అందు ఆమె సౌందర్యవతియైన యువతిగా చిత్రింపబడెను. చనిపోవునాటికి ఆమె నిజముగా ఇరువది యేండ్లకు పైగా బోధించిన అనుభవజ్ఞురాలగు గురువు. ఆమెతోపాటు అలెక్సంద్రియ మహాపుస్తకభాండాగారము కాల్చబడెననుటయు నిజము కాదు. అది అంతకు చాలకాలము పూర్వమే క్షీణించెను. ఆమెతో ఆ నగరమున విద్య అంతరించెననుటయు సరికాదు. అటుతరువాత రెండువందల యేండ్లు అచ్చట గణితతత్త్వశాస్త్రములు బోధింపబడుచునే యుండెను. ఆరవ శతాబ్దమున యోహాను ఫిలోపొనసు అను క్రైస్తవుడు అచ్చటనే అరిస్టాటిలును వివరించి, అతని తప్పులను ధైర్యముగా విమర్శించెను. ఒక ఉపాధ్యాయినిని చంపవచ్చును గాని ఆమె వెలిగించిన దీపములన్నిటిని ఆర్పుట ఎవరితరము?

ఆకాశమున ఆమె పేరు

పెంకులతో చంపి, అగ్నిలో కాల్చి, ఆమె పేరును తుడిచివేయదలచినవారు తలచినట్లు జరుగలేదు. కుజునికిని గురునికిని మధ్య తిరుగు చిన్నగ్రహములలో 238వ దానిని 1884లో బెర్లినున కనుగొన్నప్పుడు దానికి హైపేషియా అని పేరిడిరి. చంద్రునిమీద ఒక గుంటకును ఆమె పేరున్నది. 2002లో దూరపు నక్షత్రమొకదానిచుట్టు తిరుగు మహాగ్రహమును ఖగోళశాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2015లో లోకమందలి అనేకుల కోరికమీద దానికిని హైపేషియా అని నామకరణము జరిగెను. మన ప్రాంతమున జూనునెల రాత్రులలో ఉత్తరమువైపు చూచి, సప్తర్షుల తోకకు కుడిప్రక్కగా వెదకినచో ఆ నక్షత్రమును వట్టికంటితో చూడవచ్చును. గ్రహము మాత్రము కనబడదు. అది తన సూర్యునిచుట్టు సుమారు 511 దినములకొకమారు తిరుగును. దాని మార్గము మన భూమి మార్గమువలె ఇంచుమించు వృత్తము కాదు. మిక్కిలి సాగిన దీర్ఘవృత్తము. హైపేషియా తన శిష్యులకు శంకువును కోసి వివరించిన ఆ రేఖయే.

బాలబాలికలారా, ఆమె వ్రాసిన గ్రంథములు పోయినవి. మిగిలినది తండ్రి గర్వముతో వ్రాసిన ఒక శీర్షిక, శిష్యుడు ప్రేమతో వ్రాసిన కొన్ని లేఖలు, చరిత్రకారుడు సిగ్గుపడి వ్రాసిన కొన్ని పంక్తులు. ఉపాధ్యాయునికి ఇంతకంటె గొప్ప ఆస్తి అక్కరలేదు. మీరు చదువు బల్లమీద మీ ప్రక్కన కూర్చున్నవాడు ఏ దేవుని ప్రార్థించినను, మీ ఇద్దరికిని గ్రహణము ఒకే వేళకు పట్టును, లెక్క ఒకే జవాబుకు వచ్చును. ఆ మాట మరచిననాడు ఏ నగరమైనను అలెక్సంద్రియ కావచ్చును.

వెనుకవరుసలో కూర్చుండి ప్రశ్న యడిగిన అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు ఆలస్యముగా వచ్చినందుకు నన్ను క్షమింపుము. ఈసారి గంట మ్రోగినను నీవు కూర్చుండనక్కరలేదు; ఇంకను అడుగవలసినదేదైన ఉన్నచో అడుగుము.